కదలొద్దన్న కాలం: కరోనా రోజుల్లో గర్భిణులు, వ్యాయామం, ముడిపడిన మూడు భయాలు

2020 జూన్ 21, ఆదివారం, అమావాస్య. ఆ రోజు అంతర్జాతీయ యోగా దినోత్సవం. కరోనా వల్ల సభలూ సామూహిక ఆసనాలూ లేవు కాబట్టి 'ఇంట్లోనే యోగా, కుటుంబంతో యోగా' అన్నది ఆ ఏటి నినాదం. అదే పొద్దున పది దాటాక సూర్యగ్రహణం పట్టింది. ఆదివారం వచ్చింది కాబట్టి చూడామణి గ్రహణం అన్నారు. ఇంట్లోనే కదలండని ఒక పక్క ప్రభుత్వం చెబుతుంటే, మరో పక్క ఎన్నో తెలుగు ఇళ్లలో కడుపుతో ఉన్న ఆడపిల్లను తలుపులు మూసిన గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, విడుపు అయ్యేదాకా వేలు కూడా మడవొద్దన్నారు. దాదాపు మూడున్నర గంటలు. నెలలు నిండుతున్న గర్భిణి అంతసేపు వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిర మీద పడి, గుండెకు తిరిగి వెళ్లే రక్తం తగ్గుతుంది. కళ్లు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గవచ్చు. బిడ్డకు మేలు కోరి చేసిన పనే బిడ్డకు ఇబ్బంది అయ్యే తీరు ఇది.

ఆ ఒక్క పూటలో కనిపించిన చిక్కు కరోనా కాలమంతా సాగింది. 'కడుపుతో ఉన్నప్పుడు వ్యాయామం చేయొచ్చా' అన్న ప్రశ్నకు అప్పటికే వైద్యంలో స్పష్టమైన జవాబు ఉంది. కానీ ఇళ్లలో ఆ ప్రశ్న విడిగా రాలేదు. మూడు భయాలు కలిసి ఒకే మాటగా వచ్చాయి: 'కదలకు.' ఒకటి, కడుపు నిలవదేమోనన్న పాత భయం. రెండు, వైరస్ భయం. మూడోది ఆ కాలానికే ప్రత్యేకం: ఏదైనా అయితే ఆసుపత్రి దొరకదేమోనన్న భయం. వీటిని విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంది. ఏ జవాబూ 'రోజంతా మంచం మీదే ఉండు' కాదు.

పాత భయం

'నువ్విప్పుడు ఒట్టి మనిషివి కాదమ్మా' అన్న మాటలో ప్రేమ ఉంది, జాగ్రత్త ఉంది. దాని వెనకున్న నమ్మకమే సరైంది కాదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. అది బీజం కలిసిన నాడే తేలిపోయిన విషయం. మెట్లెక్కడం, వంగి ముగ్గు వేయడం, అరగంట నడవడం దాన్ని తేలేవు, ఆపలేవు. కానీ గర్భం పోయిన ప్రతి ఇంట్లోనూ ముందు రోజు ఏం చేసిందని వెనక్కి వెతుకుతారు. వెతికితే ఏదో ఒక పని దొరక్క మానదు. ఆ నింద మోసిన ఆడవాళ్లకు ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

ఈ భయంలో వైద్యులకూ భాగం ఉంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని హద్దు పెట్టింది. ఆధారం చాలదని 1994లో ఆ హద్దు తీసేసింది. గర్భంలో విశ్రాంతిగా కూర్చున్నప్పుడే నాడి 10 నుంచి 20 సార్లు పెరుగుతుంది కాబట్టి ఒకే అంకె అందరికీ సరిపోదు. అయినా ఆ 140 ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తూనే ఉంది.

బెడ్ రెస్ట్ సంగతి మరీ ముఖ్యం. గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉన్న స్త్రీల మీద 2013లో వచ్చిన ఒక అమెరికన్ విశ్లేషణలో, కదలికలు తగ్గించమన్నవారిలో 37 శాతం మందికి నెలలు నిండకుండా కాన్పు అయింది. తగ్గించనివారిలో 17 శాతం మందికే. మంచం పట్టడమే కారణమని దీంతో గట్టిగా తేల్చలేం, ఎందుకంటే కాస్త ఎక్కువ ప్రమాదం ఉన్నవారికే విశ్రాంతి రాసి ఉండొచ్చు. కానీ మంచం కాపాడిందనడానికి మాత్రం ఇందులో ఏ ఆనవాలూ లేదు. కండ తగ్గడం, ఎముక పలచబడడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం మాత్రం మంచంతో వచ్చే నష్టాలే.

ఇక మేలు ఎంత? కెనడా 2019లో విడుదల చేసిన మార్గదర్శకాల వెనకున్న సమీక్షల్లో, వ్యాయామం చేసిన గర్భిణులకు గర్భకాలపు షుగరు, బీపీ వచ్చే అవకాశం దాదాపు 40 శాతం తగ్గినట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో, అంటే కరోనా నడుమనే, ఏ అడ్డంకీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ చేయాలని చెప్పింది.

వైరస్ భయం: ఇందులో నిజం ఉంది

దీన్ని మూఢనమ్మకంగా కొట్టేయడం అన్యాయం. నెలలు నిండే కొద్దీ గర్భసంచి పైకి జరిగి ఊపిరితిత్తుల కిందున్న పొరను నాలుగు సెంటీమీటర్ల దాకా పైకి నెడుతుంది. ఆక్సిజన్ అవసరం 20 శాతం వరకూ పెరుగుతుంది. అవసరం పెరిగి, నిల్వ తగ్గిన ఊపిరితిత్తుల మీద న్యుమోనియా పడితే తట్టుకునే వ్యవధి తక్కువ. 2021లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన లెక్కలో, కరోనా సోకిన గర్భిణులు, బాలింతల మరణాల రేటు మొదటి అలలో 0.7 శాతం ఉంటే రెండో అలలో 5.7 శాతం. మన దేశంలో గర్భిణులకు టీకా అనుమతి వచ్చింది 2021 జూలై 2న. అప్పటిదాకా వాళ్లకు దూరమే రక్ష.

అయితే దూరంగా ఉండాల్సింది మనుషులకు. కదలికకు కాదు. బ్రిటన్ 2020 మార్చి 16న గర్భిణులను జాగ్రత్త అవసరమైనవారి జాబితాలో చేర్చింది. వారం తర్వాత లాక్‌డౌన్ పెట్టినప్పుడు కూడా రోజుకు ఒకసారి వ్యాయామానికి బయటికి రావచ్చని అందరికీ చెప్పింది. మార్చి 25న మొదలైన మన లాక్‌డౌన్ ఉత్తర్వుల్లో నడకకు మినహాయింపు లేదు. మన ఊళ్లలో గర్భిణికి ఒప్పుకున్న వ్యాయామం ఏదైనా ఉంటే అది సాయంకాలపు నడకే. పార్కు మూతపడింది, వీధి మూతపడింది, దాంతో వ్యాయామమన్న మాటే ఇంట్లోంచి పోయింది. ఇంటి లోపల చేసుకునేది కూడా వ్యాయామమేనన్న ఊహ చాలామందికి రాలేదు.

ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో కెనడా పరిశోధకులు 900 మంది గర్భిణులు, కొత్త తల్లులను ఆన్‌లైన్‌లో ప్రశ్నించారు. 64 శాతం మంది తమ కదలిక తగ్గిందన్నారు. కుంగుబాటు లక్షణాలు కరోనాకు ముందు 15 శాతం మందిలో ఉండేవని, ఇప్పుడు దాదాపు 41 శాతంలో ఉన్నాయని వాళ్ల జవాబుల్లో తేలింది. వారానికి 150 నిమిషాలు కదిలినవారిలో ఆ లక్షణాలు తక్కువ. మనసు బాగున్నవాళ్లే ఎక్కువ కదిలారా, కదిలినందుకే మనసు బాగుపడిందా అన్నది ఒక్క సర్వేతో తేలదు. రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. ఇదే సమయంలో అమెరికాలోని తెలుగు అమ్మాయిల పరిస్థితి మరో రకం. కాన్పుకు రావాల్సిన అమ్మానాన్నలు విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయారు. డాక్టరు రోజూ నడవమంటే, వీడియో కాల్‌లో అమ్మ వద్దనేది. ఎవరి మాట వినాలో తేల్చుకోవాల్సిన భారం ఒంటరిగా ఉన్న పిల్ల మీదే పడింది.

ఆసుపత్రి దొరకని భయం

2020 వేసవిలో కరోనా రిపోర్టు లేనిదే చేర్చుకోమన్న ఆసుపత్రుల చుట్టూ గర్భిణులు తిరిగిన వార్తలు అందరూ చదివారు. అలాంటప్పుడు 'ఏ ప్రమాదమూ కొనితెచ్చుకోకు' అనడం అర్థం చేసుకోదగిన మాట. కానీ ఇంట్లో ప్రమాదం తెచ్చేది పడిపోవడం, ఒళ్లు వేడెక్కడం, హెచ్చరిక లక్షణాన్ని పట్టించుకోకపోవడం. ఈ మూడింటినీ అదుపులో పెట్టుకోవచ్చు.

ఇంటిపని చాలదా?

పెద్దవాళ్లు అడిగే మంచి ప్రశ్న ఇది. పనిమనుషులు రావడం ఆగిపోయి, ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండి, రోజుకు మూడు పూటల వంట, అంట్లు పడిన కాలంలో 'ఇంకా వ్యాయామమా?' అని విసుక్కున్న గర్భిణులూ ఉన్నారు. శ్రమను కొలిచే లెక్కలో ఊరికే కూర్చోవడం 1 అయితే, అంట్లు తోమడం దాదాపు 2, నిలబడి ఇల్లు తుడవడం 3.5, గంటకు ఐదు కిలోమీటర్ల నడకా 3.5. మధ్యస్థాయి శ్రమ 3 దగ్గర మొదలవుతుంది. అంటే తుడవడం లెక్కలోకి వస్తుంది, పొయ్యి ముందు నిలబడడం రాదు. నడుం నొప్పి తెచ్చేది, కాళ్లు వాచేలా చేసేది మాత్రం ఆ నిలబడడమే. గంటల తరబడి నిలబడడం, నీళ్ల బిందెలు మోయడం, చేలో రోజంతా వంగి పని చేయడం వ్యాయామానికి సాటి రావు. వ్యాయామంలో అలసిన చోట ఆపే స్వేచ్ఛ ఉంటుంది. కూలికి పోయిన మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. మండుటెండల్లో వందల కిలోమీటర్లు నడిచి సొంతూళ్లకు పోయిన వలస కూలీల్లో నిండు గర్భిణులూ ఉన్నారు. వాళ్ల నడకను 'కదలిక మంచిదే' అన్న వాదనకు సాక్ష్యంగా ఎవరూ వాడకూడదు. వాళ్లకు కావాల్సింది విశ్రాంతి, తిండి, నీడ.

కింద కూర్చుని తుడిస్తే కాన్పు సులువవుతుందన్న మాట సగమే పనికొస్తుంది. గొంతుకూర్చుని లేవడం తొడలకు, తుంటికి మంచిదే. బిడ్డ దిగే దారికీ మంచి భంగిమ. కానీ తడి నేల మీద, ఒక చేత్తో గుడ్డ లాగుతూ, నడుం మెలితిప్పుతూ చేస్తే నడుముకు, కటి ఎముకల ముందు కీలుకు నొప్పి వస్తుంది. అదే కదలికను పొడి నేల మీద కిటికీ ఊచ పట్టుకుని చేస్తే మేలు మిగులుతుంది, నష్టం పోతుంది.

12 అడుగుల హాల్లో ఎలా

ముందు స్థలం. టైల్స్ మీద సాక్సులతో వద్దు. వట్టి కాళ్లతోనో, కింద రబ్బరు ఉన్న చెప్పులతోనో చేయాలి. గర్భంలో కీళ్లను పట్టి ఉంచే తంతువులు వదులవుతాయి, కడుపు ముందుకు రావడంతో శరీరపు తూకం మారుతుంది. అందుకే ఆరో నెల తర్వాత తూలడం ఎక్కువ. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుంటే అది జారుతుంది. కుర్చీ వీపును గోడకు ఆనించాలి, లేదంటే గోడనే పట్టుకోవాలి.

నడకకు వేగం కొలత తేలిక: నిమిషానికి దాదాపు 100 అడుగులు. అరగంటకు 3,000. 12 అడుగుల హాల్లో ఆరేడు అంగలకోసారి తిరగాలి. ఎప్పుడూ ఒకే పక్కకు గిర్రున తిరిగితే కళ్లు తిరుగుతాయి, ఒక మోకాలి మీదే భారం పడుతుంది. రెండు కుర్చీలు దూరంగా వేసి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో నడిస్తే మలుపులు రెండు పక్కలకూ సమానమవుతాయి. అరగంట ఒక్కసారే చేయనక్కర్లేదు, పదేసి నిమిషాలు మూడుసార్లయినా సరే. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి వారం పది నిమిషాలతో ఆపి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకోవాలి.

శ్రమ సరిపోయిందో లేదో తెలియాలంటే మాటే కొలత. వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంతగా ఊపిరి వేగం పెరగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. హాయిగా పాడగలిగితే అది తిరగడమే కానీ వ్యాయామం కాదు.

వారంలో రెండు మూడు రోజులు దీనికి బలం పెంచే కదలికలు కలపాలి. గోడకు చేతులు ఆనించి వంగి లేవడం పదిసార్లు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం ఎనిమిది నుంచి పదిసార్లు, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ. గోడ పట్టుకుని ఒక్కో కాలు పక్కకు ఎత్తడం పదేసి సార్లు. చేతులూ మోకాళ్ల మీద ఉండి వెన్నును మెల్లగా పైకీ కిందికీ కదిపే మార్జాలాసనం ఎనిమిదిసార్లు, నడుం నొప్పికి ఇది సాయపడుతుంది. నిమిషం ఆగి ఇవన్నీ మరోసారి. శ్రమ పడేటప్పుడు ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగసి, కటి కండరాల మీద ఒత్తిడి పడుతుంది. కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఆ కటి కండరాలకు వేరే సాధన ఉంది. మూత్రం ఆపుకున్నట్టు బిగించి, ఐదు లెక్కపెట్టి, పూర్తిగా వదలాలి. ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు. బిగించినంత శ్రద్ధగా వదలడం చాలామంది మరిచిపోతారు. నిజంగా మూత్రం పోసేటప్పుడు సాధన చేయకూడదు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

ఐదో నెల దాటాక వెల్లకిలా చేసే ఆసనాలు ఎక్కువసేపు వద్దు. ఎడమ పక్కకు తిరిగో, వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకునో చేయాలి. వేసవిలో మన గదుల వేడి చిన్న సంగతి కాదు. తొలి నెలల్లో శరీరపు లోపలి వేడి 39 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే ముగించాలి. ఫ్యాను కింద చేయాలి, ముందూ తర్వాతా ఒక్కో గ్లాసు నీళ్లో మజ్జిగో తాగాలి. చెమట ఆరిపోయి ఒళ్లు వేడిగా అనిపిస్తే ఆ రోజుకు చాలు.

ఎవరూ పెద్దగా మాట్లాడని అడ్డంకి ఒకటుంది. అందరూ ఇంట్లోనే ఉన్న రోజుల్లో, రెండు గదుల ఇంట్లో, మామగారు హాల్లో టీవీ చూస్తుంటే కోడలు చాప వేసుకుని మోకాళ్ల మీద వంగగలదా? జూమ్‌లో క్లాసులు పెట్టినా కెమెరా ముందు అందుకే కూర్చోలేకపోయారు. కూర్చున్నా, ఫోను గోడకు ఆనిస్తే నేర్పేవారికి ముఖం తప్ప నడుం వంపు కనిపించదు. ఫోను పక్కగా, నేల నుంచి రెండడుగుల ఎత్తున, ఆరేడు అడుగుల దూరంలో పెడితే ఒళ్లంతా కనబడుతుంది. దీనికి మించి కావాల్సింది, రోజుకు అరగంట ఒక గది ఆమెదేనని ఇంట్లో ఒకరు గట్టిగా చెప్పడం. భర్త చేయగలిగిన సాయాల్లో ఇది పెద్దది.

ఊపిరి పరీక్షలు, ప్రాణాయామం

పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే కరోనా లేనట్టేనన్న సందేశం 2020 మార్చిలోనే వాట్సాప్ అంతా తిరిగింది. అది తప్పు. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి గర్భంలో దాదాపు 20 శాతం తగ్గుతుంది కాబట్టి నిండు గర్భిణి ఎక్కువసేపు బిగపట్టలేకపోవడం సహజం. ఊపిరితిత్తులు గట్టిపడతాయని కపాలభాతి, భస్త్రిక, కుంభకం మొదలుపెట్టినవారూ ఉన్నారు. పొట్టను బలంగా లోపలికి కొట్టేవి, ఊపిరి ఆపేవి గర్భంలో వద్దు. నెమ్మదిగా సాగే నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం), భ్రామరి (తుమ్మెదలా ఝుంకరిస్తూ ఊపిరి వదలడం), ఊపిరి బిగపట్టకుండా చేస్తే చాలు.

తిన్నాక పది నిమిషాలు

ఆసుపత్రికి వెళ్లడం తగ్గిన నెలల్లో నష్టపోయిన పరీక్షల్లో షుగరుది ఒకటి. 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటలు జనం మధ్య కూర్చోవాలంటే ఎవరికైనా భయమే. రెండు గంటల తర్వాత 100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాలపు మధుమేహమని మన దేశపు మార్గదర్శకం. మొదటిసారి వెళ్లినప్పుడూ, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్యా చేయించాలి. నడక పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు, కానీ ఆ కాలంలో చేతిలో ఉన్న మందు అదే. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. మూడు పూటలా తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడిస్తే, పొద్దున ఒక్కసారి నడిచినదానికంటే అన్నం తర్వాతి చక్కెర బాగా అదుపులో ఉంటుంది. 'ఇద్దరికి సరిపడా తిను' అన్న మాట, 'కదలకు' అన్న మాట ఒకే ఇంట్లో కలిసినప్పుడే చిక్కు.

ఎవరు చేయకూడదు, ఎప్పుడు ఆపాలి

గుండె, ఊపిరితిత్తుల తీవ్ర జబ్బు ఉన్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్లు వేయించుకున్నవారు, 26 వారాల తర్వాత కూడా మాయ కిందికే ఉన్నవారు, నాలుగో నెల వచ్చాక కూడా రక్తస్రావం ఆగనివారు, ఉమ్మనీరు పోయినవారు, నెలలు నిండకుండా నొప్పులు వస్తున్నవారు, గుర్రపువాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు) దారితీసే బీపీ ఉన్నవారు వ్యాయామం చేయకూడదు. కవలలుండి ముందస్తు కాన్పు ప్రమాదం ఉన్నా అంతే. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువుంటే ముందు దాని వైద్యం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. 7 నుంచి 10 మధ్య ఉన్నవారికి ఐరన్ మాత్రలతో పాటు తేలిక నడక, అదీ డాక్టరును అడిగి.

మధ్యలో రక్తం కనబడినా, నీరు పోయినా, క్రమంగా నొప్పులు వచ్చినా, శ్రమ మొదలవకముందే ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం ఉన్నా ఆపి ఫోను చేయాలి. ఒక పిక్కలోనే వాపు, నొప్పి ఉంటే ఆ కాలు నలపకూడదు, నూనె పెట్టి మర్దన చేయకూడదు. గర్భంలో కాలి సిరల్లో గడ్డలు ఎక్కువగా ఎడమ కాలికే వస్తాయి, నలిపితే కదిలి ఊపిరితిత్తికి చేరవచ్చు. గర్భం, కరోనా, కదలకుండా కూర్చోవడం, మూడూ రక్తాన్ని గడ్డకట్టించే వైపే నెడతాయి.

కరోనా సోకితే

జ్వరం, ఆయాసం ఉన్నన్నాళ్లూ వ్యాయామం లేదు. మంచం మీదే గంటకోసారి పాదాలను ముందుకూ వెనక్కూ 20 సార్లు ఆడించడం, నీళ్లు తాగడం, బాత్రూముదాకా నడవడం, ఇంతే. గర్భిణికి పల్స్ ఆక్సీమీటర్ రీడింగ్ 95 కన్నా తగ్గకూడదు. మిగతావారికి చెప్పిన 94 అంకె చూసి ఊరుకుంటే ఆలస్యమవుతుంది. లక్షణాలన్నీ పోయి ఏడు రోజులు గడిచాకే తేలిక కదలికతో మొదలుపెట్టి, కనీసం రెండు వారాలు ఆ తేలిక స్థాయిలోనే ఉండాలి. మెట్టు ఎక్కితే ఛాతీ బిగిసినా, గుండె దడ తగ్గకపోయినా వెనక్కి రావాలి. ఆక్సిజన్ పెట్టించుకున్నవారు ఈ లెక్కతో సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇక ఫోనులో డాక్టరు చెప్పే 'రెస్ట్' అన్న మాట. స్కాన్ చూడకుండా, పొట్ట పట్టకుండా సలహా చెప్పాల్సి వచ్చినప్పుడు డాక్టరుకు ఆ మాటే భద్రం. ఇంటికొచ్చేసరికి అది పూర్తి మంచమవుతుంది. కాబట్టి మరో నిమిషం ఫోను పెట్టేయకుండా అడగాలి: రెస్ట్ దేనికి, మాయ కిందికి ఉందా, బీపీ ఎక్కువా, లేక ముందుజాగ్రత్తేనా? బరువులు మాత్రమే వద్దా, నడక కూడా వద్దా? ఎన్నాళ్లు, ఏ స్కాన్ వచ్చాక మళ్లీ మొదలుపెట్టొచ్చు? జవాబులు కాగితం మీద తేదీతో రాసుకుని, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వినేలా స్పీకర్‌లో పెట్టి మాట్లాడాలి.